శనైః శనైః: ఒక్క దోషాన్ని మెల్లగా, లెక్కగా వదిలించుకునే సాధన

"ఇక మీదట కోపం తెచ్చుకోను" అని గట్టిగా అనుకున్న మనిషి నాలుగో రోజుకే ఆ మాట మరచిపోతాడు. సంకల్పంలో బలం లేక కాదు, దాని సైజు తప్పు. ఒక్క రోజులో మొత్తం స్వభావాన్ని మోయమంటే ఏ మనసూ మోయలేదు. ఈ సంగతి పాతవాళ్లకు బాగా తెలుసు. భగవద్గీత ఆరో అధ్యాయంలో మనసును మళ్లించుకునే తీరు చెబుతూ కృష్ణుడు "శనైః శనైః" అని ఒకే మాటను రెండుసార్లు అంటాడు. కంసాలి వెండిలో మలినాన్ని తీసినట్టు, తెలివైనవాడు తన మలినాన్ని కొంచెం కొంచెంగా, క్షణక్షణం తీసుకోవాలని బౌద్ధ గ్రంథం ధమ్మపదం చెబుతుంది. ఏథెన్సులో స్టోయిక్ అనే తత్త్వ సంప్రదాయానికి ఆద్యుడైన జీనో పేరు మీద కూడా ఇలాంటి మాటే నిలిచింది: మంచి స్థితి చిన్నచిన్నగానే వస్తుంది, కానీ అది చిన్న విషయం కాదు.

అయితే ఈ "మెల్లగా" అన్న మాటను చాలామంది తమకు వీలుగా వింటారు. వీలైనప్పుడు చేద్దాం, కుదరకపోతే వచ్చే వారం చూద్దాం అని. అసలు అర్థం అది కాదు. అభ్యాసం గట్టిపడాలంటే మూడు ఉండాలని పతంజలి యోగసూత్రాల్లో చెప్పాడు: దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం. అంటే చాలాకాలం చేయాలి, మధ్యలో తెగకుండా చేయాలి, శ్రద్ధగా చేయాలి. కాబట్టి చిన్నదిగా ఉండాల్సింది అడుగు మాత్రమే. అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం పెరగకూడదు.

ఇక్కడ కోపాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం, ఎందుకంటే పాత గురువులు దాని మీదే ఎక్కువ వివరంగా పని చేశారు. అసూయకైనా, ఎదుటివాళ్ల మాట మధ్యలో తుంచే అలవాటుకైనా, పని వాయిదా వేయడానికైనా పద్ధతి ఇదే.

ముందుగా తేల్చుకోవలసింది

అన్నిటినీ మెల్లగా మానడం కుదరదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు చైనా తత్త్వవేత్త మెన్షియస్ ఒక మనిషి గురించి చెప్పాడు. వాడు రోజుకొకటి చొప్పున పక్కింటివాళ్ల కోళ్లు దొంగిలిస్తుంటాడు. అది పెద్దమనిషి చేసే పని కాదని ఒకరు మందలిస్తే, "సరే, తగ్గిస్తాను. ఇకనుంచి నెలకొకటే తీసుకుంటాను, వచ్చే ఏడాదికి పూర్తిగా మానేస్తాను" అంటాడు. తప్పని తెలిశాక వచ్చే ఏడాది దాకా ఎందుకు ఆగడం అని మెన్షియస్ అడుగుతాడు.

ఈ కథ మన సాధనకు గట్టు లాంటిది. ఇంకొకరికి నేరుగా హాని చేసే పని ఏదైనా, అంటే చెయ్యి చేసుకోవడం, మోసం చేయడం, తప్పుడు లెక్క చూపడం, ఇవాళే ఆగిపోవాలి. దాని వెనక ఉన్న కోపమో ఆశో ఒక్క రోజులో పోదు, దానికి మెల్లని పద్ధతి కావాలి. చేతిని వెంటనే ఆపాలి, మనసును మెల్లగా మళ్లించాలి. ఈ రెంటినీ కలిపేస్తే "నేను మారే దారిలో ఉన్నాను కదా" అంటూ పాత తప్పునే కొనసాగించడానికి సాధన సాకుగా మారుతుంది.

ఒక్క మినహాయింపు: మద్యం లాంటి వాటికి శరీరం బాగా అలవాటు పడిపోయినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. అది డాక్టరు చూసుకోవాల్సిన విషయం, ఈ సాధనతో తేలేది కాదు.

దోషాన్ని చేతికి అందేంతగా కోయడం

"కోపం" అనేది సాధనకు పనికొచ్చే పేరు కాదు. అది అడవి, మనకు కావాల్సింది అందులో ఒక్క చెట్టు. "పనిలో ఉండగా ఎవరైనా పిలిస్తే విసుక్కోవడం" అంటే సరిపోతుంది. ఎన్నుకున్న దోషానికి మూడు లక్షణాలు ఉన్నాయో లేదో చూడండి. అది జరిగినప్పుడు మీకు స్పష్టంగా తెలియాలి. వారానికి కనీసం 3, 4 సార్లు జరుగుతూ ఉండాలి, లేకపోతే అభ్యాసానికి అవకాశమే దొరకదు. దాన్ని ఆపడం ఎదుటివాళ్ల చేతిలో కాకుండా మీ చేతిలో ఉండాలి. "మా వాళ్లు నన్ను గౌరవించేలా చేసుకోవడం" మూడో పరీక్షలో తప్పుతుంది. "గౌరవించలేదనిపించినప్పుడు రెట్టించి మాట్లాడటం" నెగ్గుతుంది.

ఒక్కటే తీసుకోండి. రెండు తీసుకుంటే రెండూ పోతాయి. దీన్ని నమ్మని వాళ్లే ఎక్కువ, మూడో వారంలో పుస్తకం మూసేసేదీ వాళ్లే.

మొదటి 7 రోజులు: లెక్క మాత్రమే

జేబులో పట్టే చిన్న నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. ఫోన్లో రాసుకోవచ్చు కానీ, ఫోన్ తీసిన చెయ్యి వెంటనే ఇంకో పనికి పోతుంది. ఈ వారం దోషాన్ని ఆపే ప్రయత్నం చేయకండి, జరిగిన ప్రతిసారీ ఒక్క వరుస రాయండి చాలు. అందులో నాలుగు సంగతులు ఉండాలి: వేళ, సందర్భం, తీవ్రత, దానికి ముందు మీ ఒంటి స్థితి.

తీవ్రతకు పతంజలి ఇచ్చిన కొలతే చక్కగా పనికొస్తుంది: మృదు, మధ్య, అధిమాత్ర. హింస మొదలైన చెడు తలపులను ఆయన ఈ మూడు మెట్లుగా విడదీశాడు. మీ దోషానికి ఈ మెట్లను ముందే, పుస్తకం మొదటి పేజీలో, ఖచ్చితంగా రాసి పెట్టుకోండి. విసుగుకైతే ఇలా ఉండొచ్చు:

మృదు: లోపల చురుక్కుమంది, బయటికి ఏమీ రాలేదు.
మధ్య: గొంతు మారింది, లేదా మాట కరుకుగా వచ్చింది.
అధిమాత్ర: అరిచాను, లేదా గంట గడిచినా అదే తలపు తిరుగుతోంది.

అప్పుడు రోజు వరుసలు ఇలా పడతాయి:

"ఉ. 9:40. లెక్క చూస్తుండగా పిలుపు. మధ్య. ఉదయం నుంచి ఏమీ తినలేదు."
"మ. 3:15. అదే ప్రశ్న మళ్లీ అడిగారు. మృదు. నిద్ర మత్తు."
"రా. 8:05. ఫోన్ మాట్లాడుతుండగా పిలుపు. అధిమాత్ర. మధ్యాహ్నం పడ్డ మాట ఇంకా లోపలే ఉంది."

ఏడు రోజులయ్యాక నాలుగో సంగతిని ఒక్కటే పై నుంచి కిందికి చదవండి. విసుగుకు కారణం మనుషులు అనుకున్నది చాలాసార్లు ఆకలీ, నిద్రలేమీ, అంతకు ముందు మింగిన అవమానమూ అని బయటపడుతుంది. ఆకలే కారణమైతే వేళకు తినండి. ఏ తత్త్వమూ దానికి అడ్డు చెప్పదు.

పతంజలి అక్కడే ఇంకో విభజన కూడా చేశాడు: కృతం, కారితం, అనుమోదితం. తాను చేసినది, ఇంకొకరితో చేయించినది, ఇంకొకరు చేస్తే మెచ్చుకున్నది. మీరు నోరు మూసుకుని, మీ తరఫున ఇంకొకరు గట్టిగా అనేలా పరిస్థితి కల్పిస్తే అదీ లెక్కలోకే వస్తుంది. నోటు పుస్తకం పెట్టాక మనసు వెతికే మొదటి దొడ్డిదారి ఇదే.

ఈ వారం సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. దోషం పెరగలేదు, ఇన్నాళ్లూ చూడనిది ఇప్పుడు చూస్తున్నారు. ఇక్కడే భయపడి మానేసేవాళ్లు ఉన్నారు.

తర్వాతి 3 వారాలు: ఒక్క ఊపిరంత ఆలస్యం

కోపానికి అన్నిటికన్నా పెద్ద మందు ఆలస్యం అన్నాడు రోమన్ తత్త్వవేత్త సెనెకా. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో గురించి ఒక సంగతి కూడా చెప్పాడు. బానిసను కొట్టబోయి ప్లేటో తనకు కోపం వచ్చిందని గుర్తించాడు. ఎత్తిన చెయ్యిని ఎత్తినట్టే గాలిలో ఆపి నిలబడ్డాడు. అప్పుడే వచ్చిన మిత్రుడు ఏం చేస్తున్నావని అడిగితే, కోపిష్టిని శిక్షిస్తున్నానని జవాబిచ్చాడట.

మన అడుగు కూడా ఇదే, ఇంకా చిన్నది. ఒంట్లో తొలి సూచన కనబడగానే ఒక్క ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి, ఆ తర్వాతే మొదటి మాట రావాలి. అది కూడా మామూలు కన్నా మెల్లని గొంతుతో. మొత్తం 10 సెకన్లు. ఊపిరి లోపలికి గట్టిగా పీల్చుకోకండి, ఛాతీ నిండిన ఊపిరి తర్వాతి మాటకు బలమవుతుంది. తొలి సూచన ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది: దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవడం. మీది ఏదో మొదటి వారం రాతల్లోనే దొరుకుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది ముఖ్యం. గ్రీకు నగరం నికోపొలిస్‌లో తత్త్వ పాఠాలు చెప్పిన స్టోయిక్ గురువు ఎపిక్టెటస్ ఒకప్పుడు బానిస. చిన్నవాటితో మొదలుపెట్టమన్నాడు ఆయన: కాస్త నూనె ఒలికింది, కాస్త ద్రాక్షసారాయి దొంగలు పట్టుకెళ్లారు, మనశ్శాంతికి ఇదీ ధర అనుకో అన్నాడు. అందుకే రెండో వారం మృదు సందర్భాల్లోనే ఈ ఊపిరిని వాడండి. అవసరమే లేనట్టు అనిపించే చోట. మూడో వారం మధ్యలో, నాలుగో వారం అధిమాత్రలో. ఈత నేర్చుకునేవాణ్ణి వరదలోకి దింపరు కదా. పెద్ద కోపంలోనే మొదలుపెట్టినవాళ్లు రెండుసార్లు ఓడిపోయి, పద్ధతి పని చేయదని తేల్చేస్తారు.

ఈ 3 వారాల్లో "కోపం వచ్చిందా" అని లెక్కపెట్టకండి, "ఊపిరి పడిందా" అని లెక్కపెట్టండి. వరుస చివర పడితే ఒక చుక్క, పడకపోతే ఖాళీ. ఊపిరి పడ్డాక కూడా విసుక్కుంటే చుక్క చుక్కే. అడుగు వేశారు, ఫలితం దాని వెనక వస్తుంది.

ఊపిరికి తోడుగా ఒక వాక్యం సిద్ధం చేసుకోవడం మంచిది. చెడు తలపు బాధిస్తే దానికి ఎదురు తలపును భావించమని పతంజలి అన్నది దీన్నే: ప్రతిపక్ష భావనం. ఆ వాక్యం తియ్యగా ఉండనక్కర్లేదు, నిజంగా ఉండాలి. "నాకు కోపం లేదు" అనేది అబద్ధం, మనసుకు తెలిసిపోతుంది, అది పని చేయదు. "నేను ఏ పనిలో ఉన్నానో పిలిచినవాళ్లకు కనబడదు" అన్నది నిజం, అందుకే అది పట్టు ఇస్తుంది. ఒక్కటే రాసుకోండి, నెలంతా దాన్నే వాడండి. రోజుకో కొత్త సూక్తి చదివితే అవసరమైన క్షణంలో ఒక్కటీ నోటికి రాదు.

రాత్రి మూడు ప్రశ్నలు

ఈ భాగాన్ని వదిలేస్తే మిగతాదంతా వట్టి లెక్కగా మిగులుతుంది. సెక్స్టియస్ అనే తత్త్వవేత్త రోజు ముగిశాక, పడుకునే ముందు, తనను తాను మూడు అడిగేవాడని సెనెకా రాశాడు: ఇవాళ నీలోని ఏ జబ్బును నయం చేశావు? ఏ దోషానికి ఎదురు నిలిచావు? ఏ విషయంలో మెరుగయ్యావు? సెనెకా కూడా దీపం తీసేశాక, తన అలవాటు తెలిసిన భార్య మౌనంగా ఉండగా, రోజంతా తిరగేసుకునేవాడు. తన నుంచి ఏదీ దాచుకునేవాడు కాదు. చివరికి తనతో తాను, ఇది మళ్లీ చేయకు, ఈసారికి క్షమిస్తున్నాను, అనుకునేవాడు.

10 నిమిషాలు దాటనివ్వకండి. రోజూ ఒకే వేళ ఉండాలి, మరీ నిద్ర ముంచుకొచ్చే వేళ కాకూడదు. ముందు ఆ రోజు వరుసలు చదవండి, తర్వాత మూడు ప్రశ్నలకూ ఒక్కో వాక్యం రాయండి:

"నయం చేసింది: నిన్నటి మాట మనసులో తిరగలేదు. ఎదురు నిలిచింది: 3:15కి ఊపిరి పడింది. మెరుగైంది: 9:40కి ఊపిరి పడలేదు కానీ, తప్పు చేశానని రెండు నిమిషాల్లోనే తెలిసింది. నిన్న సాయంత్రం దాకా తెలియలేదు."

ఆ చివరి వాక్యంలో ఉన్నదే అసలు పురోగతి. తప్పుకూ, తప్పు తెలియడానికీ మధ్య ఎడం తగ్గుతుంది. అది గంటల నుంచి నిమిషాలకు, నిమిషాల నుంచి క్షణాలకు వచ్చాక ఒక రోజు తప్పు కన్నా ముందే తెలివి వస్తుంది. సంఖ్య తగ్గకముందే కనిపించే మార్పు ఇది. దీన్ని చూడటం రానివాళ్లు ఏమీ జరగడం లేదనుకుని సరిగ్గా జరుగుతున్న సమయంలో మానేస్తారు.

ఈ రాతలు రెండు రకాలుగా పాడవుతాయి. ఒకటి, ఫిర్యాదు చిట్టాగా మారడం. వాక్యంలో కర్త ఎవరో చూడండి. "అతను రెచ్చగొట్టాడు" అని ఉంటే కొట్టేసి, "అతను ఆ మాట అనగానే నేను గొంతు పెంచాను" అని తిరగరాయండి. రెండోది, కొరడా దెబ్బలుగా మారడం. "నేనింతే, నా బతుకింతే" అన్న వాక్యంలో వేళ లేదు, సందర్భం లేదు, రేపు చేయాల్సిన పని లేదు. అలాంటిది రాసి ఉంటే కొట్టేయండి. పాత గురువులు ఎవరూ దీన్ని అడగలేదు.

ఐదో వారం నుంచి: రోజుల ఎడం

ఇప్పుడు దోషాన్నే లెక్కపెట్టే సమయం వచ్చింది. ఎపిక్టెటస్ లెక్క ఇలా ఉంటుంది: ఇంతకుముందు రోజూ కోపం వచ్చేది, తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత మూడు రోజులకొకసారి, తర్వాత నాలుగు రోజులకొకసారి. 30 రోజులు గడిస్తే దేవుడికి కృతజ్ఞతగా బలి అర్పించమన్నాడు.

మృదువును ఈ లెక్కలోకి తీసుకోవద్దు, పుస్తకంలో మాత్రం రాస్తూనే ఉండండి. లోపల చురుక్కుమనడం మన చేతిలో లేదని సెనెకా కూడా స్పష్టంగా చెప్పాడు. అది ఒంటి కదలిక, దానికి మనసు ఒప్పుకుని వెంట నడిచాకే అది కోపం. మధ్య, అధిమాత్ర మాత్రమే లెక్క. రెండు తప్పుల మధ్య గడిచిన రోజులను వరుసగా రాస్తూ పోండి: 1, 1, 2, 1, 3, 2, 5, 3, 8. తప్పు జరిగితే సున్నాకు తిరిగి వెళ్లడం ఉండదు, వరుసలో ఇంకో అంకె చేరుతుంది, అంతే. ఒక్క అంకెను చూసి కుంగిపోకండి, వరుస ఎటు నడుస్తోందో చూడండి. 30 చేరడానికి నెలలు పట్టవచ్చు. అది మామూలే.

తప్పు జరిగాక వచ్చే రెండు మూడు రోజులు మాత్రం జాగ్రత్త. ఎపిక్టెటస్ పోలిక ఒకటి ఇక్కడ మనసులో పెట్టుకోదగ్గది. మనసు జబ్బు పోయినా మచ్చలూ వాతలూ మిగులుతాయి, అవి పూర్తిగా మానకముందే అదే చోట మళ్లీ దెబ్బ పడితే వాత కాదు, పుండు పడుతుంది. కాబట్టి ఆ రోజుల్లో అదే మనిషితో అదే వాదన మొదలుపెట్టకండి. వాయిదా వేయగలిగితే వేయండి. ఇది పిరికితనం కాదు, పుండు మీద కట్టు.

ఎక్కడ దెబ్బతింటుంది

సాధనకు వచ్చే ఆటంకాలను పతంజలి తొమ్మిదిగా లెక్కపెట్టాడు. జబ్బు, బద్ధకం, అనుమానం లాంటివి ఎవరికైనా తెలిసినవే. ఆ జాబితా చివరి రెండూ మరీ సూక్ష్మమైనవి. అలబ్ధభూమికత్వం అంటే ఎంత చేసినా కాలు నిలదొక్కుకునే చోటు దొరకకపోవడం. మన పద్ధతిలో దీనికి కారణం సాధారణంగా ఒక్కటే, అడుగు పెద్దదైంది. 10 సెకన్ల ఊపిరి బదులు అరగంట ధ్యానం పెట్టుకుని ఉంటారు. అలసిపోయిన రోజున, ఒంట్లో బాగోలేని రోజున కూడా చేయగలిగేదేనా అని అడగండి. కాదంటే ఇంకా కోయండి. అనవస్థితత్వం అంటే అందుకున్న చోట నిలవలేకపోవడం. 12 రోజుల ఎడం వచ్చాక రాత్రి ప్రశ్నలు మానేసినవాళ్లకు జరిగేది ఇది. పది రోజులు మంచం మీద పడుకుని లేచి, దూరం నడిచి చూడు, కాళ్లు ఎలా ఉంటాయో తెలుస్తుంది అంటాడు ఎపిక్టెటస్.

తొందర ఇంకో రకం. మెన్షియస్ చెప్పిన సోంగ్ దేశపు రైతు తన పైరు ఎదగడం లేదని ఒక్కో మొలకనూ పట్టి పైకి లాగాడు. ఇంటికొచ్చి, ఇవాళ బాగా అలిసిపోయాను, మొలకలు ఎదగడానికి సాయం చేసి వచ్చాను అన్నాడు. కొడుకు పొలానికి పరుగెత్తి చూస్తే అవి వాడిపోయి ఉన్నాయి. రెండో వారంలోనే కావాలని పెద్ద గొడవల్లోకి దిగి తనను పరీక్షించుకోవడం ఇలాంటిదే. పైరుకు కలుపు తీయకపోవడం ఎంత తప్పో, లాగడం అంత తప్పు.

30 దాటాక

30 రోజుల ఎడం వచ్చిందంటే దోషం పోయిందనుకోకండి. క్లేశాలకు, అంటే మనసును బాధించే దోషాలకు, నాలుగు స్థితులు ఉన్నాయి యోగసూత్రాల్లో: ప్రసుప్తం, తనువు, విచ్ఛిన్నం, ఉదారం. నిద్రపోతున్నది, పల్చబడినది, వేరొకటి పైకి రావడంతో కాసేపు తెగినది, పూర్తిగా చెలరేగినది. ఆ 30 రోజులూ ఎవరూ మిమ్మల్ని పిలవకపోతే మీ విసుగు నిద్రపోయింది, అంతే. ఆ నెలంతా ఏదో పెద్ద సంతోషంలో ఉంటే అది తాత్కాలికంగా తెగింది. సందర్భాలు వస్తూనే ఉన్నా, చురుక్కుమన్నా, ఊపిరి పడి మాట మెల్లగా వచ్చి ఉంటేనే అది పల్చబడింది.

తేల్చుకోవడం తేలిక. పుస్తకం తెరిచి ఆ 30 రోజుల్లో మృదు అని రాసినవి వారానికి సగటున ఎన్నో చూడండి. మొదటి వారంలో పడ్డ మొత్తం వరుసల్లో కనీసం సగమైనా ఉంటే సందర్భాలు వస్తూనే ఉన్నాయని, దోషమే పల్చబడిందని అర్థం. అప్పుడు ఇంకో దోషాన్ని తీసుకుని, కొత్త పేజీలో మళ్లీ 7 రోజుల లెక్కతో మొదలుపెట్టవచ్చు. మృదువులు కూడా దాదాపు లేకపోతే, సందర్భాలు మళ్లీ వచ్చేదాకా అదే పేజీ కొనసాగించండి. పాత దోషాన్ని పూర్తిగా వదిలేయకుండా వారానికి ఒక రాత్రి దానికి కేటాయించి, ఆ వారం వరుసలు చదివి, మూడు ప్రశ్నలూ దాని గురించే అడగండి. ఆరు నెలల పాటు ఇలా సాగితే ఆ పేజీ మూసేయవచ్చు.